రెండు చిల్లుల బ్యాడ్జి

మస్కట్ విమానాశ్రయంలో కస్టమ్స్ ఉద్యోగి నా సూట్‌కేసు పక్కకు లాగి, లోపలున్న చెక్కపెట్టె తెరవమన్నాడు. తెరిచాను. నీలం మఖమల్ గుడ్డ మీద వరసగా సైనికుల బ్యాడ్జీలు. వాటి పక్కన నేను క్లినిక్‌లో కళ్ళకు తగిలించుకునే భూతద్దాల జోడు, పళ్ళ మీద గార తీసే ఉక్కు కొక్కెం. ఆయన బ్యాడ్జీలు చూశాడు, నా నేతచీర చూశాడు, మళ్ళీ బ్యాడ్జీలు చూశాడు.

“హస్బెండ్ ఆర్మీ?”

“నో సర్. టీచర్.”

“ఫాదర్?”

“రైస్ మిల్.”

మా ఇంటా వంటా ఎన్.సి.సి.లో చేరినవాళ్ళు కూడా లేరు. ఆ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో తోచక నవ్వాను. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, నెరిసిన గడ్డం. పెట్టెలో ఒక్కదాన్నే వేలితో చూపించి, “ఇది మాది. ఎక్కడిది నీకు?” అని అడిగాడు. హైదరాబాద్ పాతబస్తీ బజార్లో కొన్నానని చెప్పాను. అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. పక్కనున్న ఇద్దరినీ పిలిచి చూపించాడు. ముగ్గురూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. తర్వాత దాన్ని దాని గుంటలోనే సర్ది, పెట్టె మూసి ఇచ్చాడు.

“మా తండ్రుల కాలం నాటిది. వీధిలో చూపించుకుంటూ తిరగకమ్మా.”

నేను రాజమండ్రిలో పళ్ళ డాక్టర్ని. పదాతి దళాల బ్యాడ్జీలు సేకరిస్తాను. పదాతి అంటే కాలినడకన వెళ్ళి పోరాడేవాడు. ఓడ లేదు, విమానం లేదు, రెండు కాళ్ళు, భుజాన తుపాకీ. అమెరికా వాళ్ళ బ్యాడ్జి ఒకటుంది. నీలం పట్టీ మీద పొడుగాటి పాతకాలపు తుపాకీ, చుట్టూ ఓక్ ఆకుల దండ. యుద్ధంలో ఎదురుకాల్పులు చూసిన పదాతి సైనికుడికే అది ఇస్తారు. ఆ ఒక్కదానిలోనే నా దగ్గర ఎన్నో రకాలున్నాయి. కొన్నింటి వెనక పిన్నీసు, కొన్నింటి వెనక రెండు బిగింపులు. ఒకదాంట్లో ఆకు ఈనెలు కూడా కనిపిస్తాయి, మరోదాంట్లో అచ్చు అరిగి ఆకులు నున్నగా ఉంటాయి. పళ్ళ డాక్టరుకు ఇది వింతేం కాదు. అందరి నోట్లోనూ ఉండేవి పళ్ళే, ఏ ఇద్దరివీ ఒకలా ఉండవు.

కస్టమ్స్ పెద్దాయన పట్టుకుంది ఒమాన్ పదాతి సైనికుల టోపీ బ్యాడ్జి. ఇత్తడిది. అడ్డంగా రెండు కత్తులు, వాటి మీద ఖంజర్ అనే వంకర బాకు. ఆ బ్యాడ్జి చాలామంది దగ్గర ఉంది. నా దానికి మాత్రం అడుగున రెండు చిల్లులున్నాయి. ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే తోటి సేకర్తల్లో ఒకరు అరుదైన ఫ్యాక్టరీ రకమన్నారు, ఒకరు నకిలీ అన్నారు. ఆ తగవు తేలకముందే ఒమాన్ తీరంలోని సూర్ ఊరి నుంచి నాగమణి వాయిస్ మెసేజ్ వచ్చింది.

నాగమణిది కోనసీమ. గల్ఫ్ వెళ్ళేముందు నా దగ్గర ముందుపన్ను కట్టించుకుంది. “డాక్టరమ్మగారూ, నేను పనిచేసే ఇంట్లో గోడమీద మీరేరుకునే బిళ్ళలాంటిది ఉందండి. ఇంటి పెద్దాయన, మా బాబాగారిది. ఫొటో పెట్టాను చూడండి ఆయ్.” ఫొటో పెద్దది చేసి చూశాను. అడుగున రెండు చిల్లులు.

దార్సైట్

కాలేజీలో నా రూమ్మేట్ పద్మజ మస్కట్‌లోనే దార్సైట్‌లో ఉంటుంది. పొద్దున్నే బాల్కనీలో నిలబడితే కింద స్కూలు బస్సులు, టైలూ రిబ్బన్లూ సర్దుకుంటూ పరుగెత్తే పిల్లలు, కృష్ణుడి గుడికి పూలబుట్టలతో వెళ్ళే ఆడవాళ్ళు. ఒక్క క్షణం కాకినాడలో ఉన్నానేమో అనిపించింది. తలెత్తితే చుట్టూ గడ్డిపోచ మొలవని నల్లటి కొండలు. ఇంత నగ్నమైన కొండను నేను ఎక్కడా చూడలేదు. మన కొండలకు చెట్లో, గుడో, కనీసం పాలసంఘం ప్రకటనో ఉంటుంది.

“మనిషి పుట్టకముందు భూమి ఇలా ఉండేదేమో,” అన్నాను.

“మనిషి పుట్టాక ఇందులో ఏసీలు పెట్టాం,” అంది పద్మజ. “ముందు ఇడ్లీ తిను.”

ఒక ఇత్తడి బిళ్ళ కోసం సముద్రం దాటి వచ్చానంటే తనకు నమ్మకం కుదరలేదు. “ఆ చిల్లులు ఫ్యాక్టరీవే అని తేలితే ఏమవుతుంది?” అని అడిగింది. ఏమీ కాదు, నేను నిజం తెలుసుకుంటాను, అంతే అన్నాను. అప్పటికి నాకు తెలిసిన కారణం అదే.

బహ్లా

సూర్ వెళ్ళేముందు బహ్లా అనే ఊరు చూడాలనుకున్నాను. యూనిఫారాల మీద బ్యాడ్జీలు చేత్తో కుట్టే మనిషి అక్కడ ఉన్నాడని పద్మజ భర్త చెప్పాడు. ముందు కోట కనిపించింది. మట్టికోట. ఖర్జూర తోటల పచ్చదనంలోంచి ఆ మట్టి లేచి, బురుజులై, గోడలై, ఊరు చుట్టూ కనుచూపు మేర పాకిపోయింది. మట్టి ఇంత ఎత్తు లేస్తుందని, ఇన్ని వందల ఏళ్ళు నిలబడుతుందని చూసేదాకా అనుకోలేదు. మా మిల్లు వెనక మట్టిగోడను నాన్న ఏటా వానాకాలం అయ్యాక మళ్ళీ కట్టించేవారు.

ఆ కుట్టే మనిషి ఖాజా భాయ్. దుకాణం సంతబజారు పక్క సందులో. గుమ్మంలో నిలబడి హిందీలో మొదలుపెట్టబోతే ఆయనే, “తెలుగేనా మీరు? రాండమ్మా, కూచోండి,” అన్నాడు. ఆయనది కడప. ఇంట్లో దక్కనీ, దుకాణంలో అరబ్బీ, కోపమొస్తే తెలుగు అని నవ్వాడు.

పళ్ళ డాక్టర్నని చెప్పుకుని, ఒమాన్ పదాతి బ్యాడ్జి గుడ్డమీద కుట్టింది ఒకటి కావాలన్నాను. ఆయన సూది కింద పెట్టేశాడు.

“అది మాత్రం కుదర్దమ్మా. మిలిటరీ కార్డు చూపిస్తేనే కుట్టేది. మీరు డాక్టరయినా అంతే, మా అమ్మొచ్చి అడిగినా అంతే.”

బతిమాలడానికి మనసొప్పలేదు. ఆయన మాట అంత సూటిగా ఉంది. “కుట్టేది చూసిపోండి, చూసేదానికి కార్డు అక్కర్లేదు,” అన్నాడు. పాలు లేని సులేమానీ చాయ్ తెప్పించాడు. వంద బైసలట. మన లెక్కలో ఇరవై రూపాయల పైచిలుకు.

బంగారు రంగు తీగ, సన్నటి స్ప్రింగులా చుట్టి ఉంటుంది. దాన్ని జీలకర్ర గింజలంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనూ సూదికి పూసలా ఎక్కించి గుడ్డమీద పడుకోబెడతాడు. అలా పక్కపక్కనే ముక్కలు పడుతూ ఉంటే, నల్లగుడ్డ మీద ముందు బాకు మొన, తర్వాత వంపు, తర్వాత పిడి తేలాయి. నేను చాయ్ తాగడం మర్చిపోయాను. రోజూ భూతద్దంలోంచి పని చేసేదాన్ని కాబట్టి ఆ వేళ్ళు ఎంత ఇరుకు దారిలో నడుస్తున్నాయో నాకు తెలుస్తూనే ఉంది.

“రెండు బ్యాడ్జీలు ఎప్పుడైనా అచ్చంగా ఒకేలా వచ్చాయా?” అని అడిగాను.

“యాడొస్తాయమ్మా? పొద్దున కుట్టింది ఒగ తీరు, అన్నం తిన్నాక కుట్టింది ఒగ తీరు.”

మా సేకర్తలం ఏళ్ళ తరబడి వాదించుకునే రకాల వెనక మధ్యాహ్న భోజనం ఉందన్నమాట అన్నాను. ఆ మాటకు ఆయన బాగా నవ్వాడు. నవ్వినప్పుడు వెనకపన్ను పుచ్చిపోయి కనిపించింది. డాక్టర్నని తెలిసిన చోట ఎలాగూ తప్పదు. ఆయన్ను వెలుతురుకు తిప్పి చూశాను. తీయించేయమని గట్టిగా చెప్పాను. ఫీజు కింద గుండ్రటి డబ్బాలో ఒమానీ హల్వా చేతిలో పెట్టాడు. కుంకుమపువ్వు, యాలకులు, గులాబీ నీళ్ళు, వేలికి అంటుకుని వదలని నెయ్యి. పన్ను పుచ్చడానికి కారణం అర్థమైంది.

సూర్

సూర్ చేరేసరికి గాలి మారింది. ఉప్పు, ఎండుచేప, కొత్తగా చెక్కిన కలప వాసన. ఒడ్డున ఓడలు కట్టే చోట చెక్క పక్కటెముకలతో ఒక పెద్ద పడవ ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది. దాని నీడలో నిలబడ్డాను. ఇలాంటి వాటిలోనే వీళ్ళ పూర్వీకులు మన పడమటి తీరానికి ఖర్జూరాలు తెచ్చి, కలప తీసుకుపోయారట.

నాగమణి సందు చివర ఎదురొచ్చింది. నల్లటి అబాయా, తలమీద ముసుగు. మాట మాత్రం అచ్చంగా కోనసీమదే. “బాగా చిక్కిపోయారండి. మేడమ్‌కు చెప్పేశానండి, మీరు మా ఊరి డాక్టరమ్మని. ఉండమన్నారు. సారూ మేడమూ డ్యూటీలకెళ్ళిపోతే ఇంట్లో నేనూ బాబాగారూ అంతేనండి.”

బాబా పేరు మురాద్. బలూచీ. కొడుకు గ్యాస్ ప్లాంటులో, కోడలు బడిలో పనిచేస్తారు. ఆరడుగుల మనిషి, డెబ్బై దాటినా వెన్ను వంగలేదు. చాపమీద కూర్చోబెట్టి ముందు ఖర్జూరాలు, తర్వాత చిట్టిగిన్నెలో కాఫీ ఇచ్చారు. చాలు అనాలంటే గిన్నెను చేత్తో అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి తెలియక నాలుగు గిన్నెలు తాగాను. నాగమణి తలుపు చాటున నవ్వాపుకుంటోంది. చివరికి తనే వచ్చి నా మణికట్టు పట్టుకుని ఊపింది.

బాబాకు ఉర్దూ వచ్చు. నాది సినిమా హిందీ. అందని చోట నాగమణి అందించింది. ఆయన మాటలు నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను.

పెట్టె తెరిచి ముందు పెట్టాను. అమెరికా బ్యాడ్జీల్ని మర్యాదగా చూశాడు. ఒమాన్‌వి వచ్చేసరికి ఒక్కొక్కటీ తీసి బొటనవేలితో తడుముతున్నాడు. రెండు చిల్లుల దాని మీద వేలు ఆగిపోయింది. తిప్పి వెనక చూశాడు. మళ్ళీ తిప్పాడు.

“నాగూ, గోడమీది పటం దించు.”

నాగమణి దించింది. ఆయనే వెనక చెక్క ఊడదీసి తన బ్యాడ్జి బయటికి తీసి, నా దాని పక్కన చాపమీద పెట్టాడు. నేను భూతద్దాలు పెట్టుకుని వంగాను. ఎడమ చిల్లు గుండ్రంగా ఉంది. కుడి చిల్లు కొంచెం సాగి, కిందివైపు అంచు చిరిగింది. రెండింట్లోనూ అంతే. సంతోషం పట్టలేక, “ఒకే ఫ్యాక్టరీ, ఒకే మిషన్,” అన్నాను.

“ఫ్యాక్టరీ కాదు, మేకు,” అన్నాడు బాబా. చూపుడువేలు వంచి చూపించాడు. “ఇలా వంగిన మేకు. రాయితో కొట్టింది నేను.”

నేను భూతద్దాలు తీసి పక్కన పెట్టాను. తర్వాత ఆయన చెప్పాడు.

దక్షిణాన దోఫార్ కొండల్లో సుల్తాన్ సైన్యానికీ తిరుగుబాటుదారులకూ యుద్ధం జరుగుతున్న రోజులు. ఆయనకు మీసం కూడా సరిగా రాలేదు. ఖరీఫ్ అనే వాన కాలంలో ఆ కొండలు పచ్చగా మారతాయట. పొద్దస్తమానం పొగమంచు, తుంపర, చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. కొండమీద రాళ్ళు పేర్చి గోడ కట్టుకుని, దాని వెనక నెలల తరబడి ఉన్నారు. తుంపర ఒళ్ళు తడుపుతుంది కానీ గొంతు తడపదు. తాగడానికి నీళ్ళు కింది నుంచి క్యాన్లలో భుజాల మీద మోసుకు రావాలి. ఆ దారి మీద అవతలివాళ్ళ తుపాకులు గురి పెట్టి ఉండేవి.

ఆయన పక్కనుండే సైనికుడు సాలెహ్. హైదరాబాద్ నుంచి వచ్చాడు. నిజాం కొలువులో సైనికులుగా చేరిన అరబ్బుల వంశం వాళ్ళది. బ్యాడ్జీల వెనక పిన్నులు ఊడిపోయి పడిపోతుంటే, మురాద్ రెండింటికీ మేకుతో చిల్లులు కొట్టాడు. సాలెహ్ సూదీ దారంతో రెండింటినీ టోపీలకు కుట్టాడు.

“ఒకరోజు నీళ్ళు తెస్తూ వాడికి కాలికీ నడుముకీ తగిలింది. హెలికాప్టర్ వచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, టోపీ వాడి గుండెల మీద పెట్టింది నేనే. అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. నేను కొండ దిగి ఆస్పత్రికి వెళ్ళేసరికి చాలా కాలమైంది. అక్కడి మనిషిని అడిగితే, ‘హైదరాబాదీయా? వో తో చలా గయా’ అన్నాడు.”

పోయాడు. మన భాషలోనూ అంతే కదా, ఇంటికి వెళ్ళినవాడూ పోయాడే, చనిపోయినవాడూ పోయాడే.

“నేను ఇంకో మాట అడగలేదు,” అన్నాడు బాబా. “ఎవరిని అడగను? వాడి ఊరు హైదరాబాద్ అని తెలుసు. అంత ఊళ్ళో ఎవరి తలుపు కొట్టను? ఆ వారం జుమ్మా నుంచి ఇప్పటిదాకా ప్రతి శుక్రవారమూ వాడి పేరున, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా చదువుతున్నాను.”

చాపమీద బ్యాడ్జి కేసి చూశాడు. “ఇది నీకెక్కడిది? వాడి సామాను ఇంటికి పంపారా? లేక వాడే తెచ్చుకున్నాడా?”

 నేను ఇన్నాళ్ళూ నిజమా నకిలీయా అని చూసిన చిల్లుల్లోంచి ఒక మనిషి బతుకు వేలాడుతోంది. ఫోన్ తీసి, హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో నాకు దాన్ని అమ్మిన యూసుఫ్‌కు చేసి, అది సాలెహ్ అనే ఆయనదేమో అని అడిగాను. కిందటి ఏడే కొన్నాను. ఎక్కడిదని అప్పుడు అతణ్ణి విసిగించాను కాబట్టి అతనికి గుర్తుంది.

“బార్కస్‌లో, అరబ్బుల బస్తీలో, ఒక ఇంట్లో ఇత్తడి సామాను తూకానికి కొన్నా మేడమ్, అందులో వచ్చింది. ఇల్లు గుర్తుంది. రేపు పొద్దున వెళ్ళి అడుగుతా.”

ఎవరిల్లని బాబా అడిగాడు. తెలియదు, రేపటిదాకా ఆగాలి అన్నాను. తలూపాడు. ఆ సాయంత్రం ముగ్గురం ఒడ్డున నడిచాం. జాలర్లు వలలు సర్దుతున్నారు. ఆయన దారిలో ఎదురైన ప్రతివాడికీ సలాం చెబుతున్నాడు, ఎవరి మొహమూ చూడడం లేదు. ఇంటికొచ్చాక నాగమణి చింతపండు పులుసుతో చేప వండింది. “బాబాగారికి మన పులుసు బాగా అలవాటైపోయిందండి,” అంది. ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు.

మర్నాడు

యూసుఫ్ ఫోన్ వచ్చేసరికి కొడుకూ కోడలూ పనులకు వెళ్ళిపోయారు. ఒక నంబరు ఇచ్చాడు. “ఇంటాయన పేరు సాలెహే మేడమ్. రెండేళ్ళయింది పోయి. కూతురు సఫియా, టీచర్. మీ ఫోన్ కోసం చూస్తోంది.”

రెండేళ్ళయింది అన్న మాట బాబాకు ఎలా చెప్పాలో తెలియలేదు. నాగమణే ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆయన చాలాసేపు గోడమీద పటం లేని చోటు చూశాడు.

“రెండేళ్ళా? యాభై కాదా?”

“కాదు బాబా. రెండే.”

“బతికున్నవాడికి ఇన్నేళ్ళు ఫాతిహా చదివానా నేను?” అన్నాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుస్తున్నాడనుకుని నాగమణి చెయ్యి పట్టుకుంది. నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

సఫియాకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆమెది మంచి హైదరాబాదీ ఉర్దూ. తండ్రి ఒమాన్‌లో కొంతకాలం ఉద్యోగం చేశాడని తెలుసు, ఏ ఉద్యోగమో ఎప్పుడూ చెప్పలేదట. జామతోట కౌలుకు చేసేవాడట. ముగ్గురు ఆడపిల్లల్నీ చదివించాడు. కుంటేవాడు.

“కాలికి ఏమైందని చెప్పాడు?” అని అడిగాడు బాబా.

“స్కూటర్ మీంచి పడ్డానన్నారు చాచా.”

“వాడికి స్కూటర్ నడపడమే రాదు,” అన్నాడు బాబా. అవతల ఆమె కూడా నవ్వింది. తర్వాత అంది, “నిజమే. మేము ఎప్పుడూ చూడలేదు.”

బాబా మొత్తం చెప్పాడు. కొండ, మంచు, నీళ్ళ దారి, హెలికాప్టర్.  లైన్ కట్ అయిందేమోనని రెండుసార్లు తెర చూశాను. చివరికి ఆమె అంది, “వానాకాలం తుంపర పడితే అబ్బా లేచి బయట కూర్చునేవారు. గొడుగిస్తే తీసుకునేవారు కాదు. అమ్మ తిట్టేది.” తర్వాత అడిగింది. “చాచా, మా అబ్బా ధైర్యవంతుడేనా?”

బాబా ఫోన్ దగ్గరికి జరిగాడు.

“రోజూ భయపడేవాడమ్మా. నీళ్ళకు బయల్దేరే ముందు చేతులు వణికేవి, నేను చూశాను. అయినా రోజూ వెళ్ళేవాడు. మేమందరం ఆ నీళ్ళతోనే బతికాం.”

ఎన్నో దేశాల పదాతి బ్యాడ్జీలు భూతద్దం పెట్టి చూసినదాన్ని. అవి దేనికి ఇస్తారో ఆ మాట వినేదాకా నాకు తెలియలేదు.

ఆ బిళ్ళ ఏమిటో తెలియక తూకానికి ఇచ్చేశామని సఫియా బాధపడింది. బాబా నా కేసి చూశాడు. నేను అడిగించుకోలేదు, తనకే తెచ్చిస్తానని చెప్పాను. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో దిగి బార్కస్ వెళ్ళి ఆమె చేతిలో పెట్టాను కూడా. పెట్టెలో గుంట ఖాళీ అయినప్పుడు మనసు చివుక్కుమనలేదని చెప్పను.

ఫోన్ పెట్టేముందు బాబా ఒక్కటే అడిగాడు. “ఏ నెల? ఏ తేదీ?” ఆమె చెప్పింది. ఆయన పెదాలతో రెండుసార్లు అనుకున్నాడు. లేచి మొహం కడుక్కుని, నాగమణిని మేకమాంసం తెమ్మన్నాడు.

మధ్యాహ్నానికి పెరట్లో పెద్ద డేగిసా ఎక్కింది. ఖబూలీ అన్నం. మాంసం ఉడికిన నీళ్ళలోనే బియ్యం వేసి, శనగలు, ఎండు నిమ్మకాయ, దాల్చినచెక్క వేస్తారు. నేను ఉల్లిపాయలు తరిగాను. మన దగ్గర చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలు వండి తెస్తారు. ఇక్కడ ఆయనే వండించి ఊరికి పెడుతున్నాడు. పోయినవాడి పేరున పెట్టే అన్నమట.

పళ్ళాలు నేనూ నాగమణీ మోశాం. బాబా ముందు నడిచాడు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి తనే అందించాడు. సందు మలుపులో చేపల దుకాణం ముసలాయన లేచి నిలబడి, పళ్ళెం రెండు చేతులా అందుకున్నాడు. అరబ్బీలో ఏదో అడిగాడు. నాగమణి నా చెవిలో చెప్పింది. “ఎవరి పేరునని అడుగుతున్నాడండి.”

“నా దోస్త్,” అన్నాడు బాబా.

ముసలాయన పళ్ళెం పక్కన పెట్టి, బాబా భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడు జరిగిందని అడిగాడు.

“మొన్ననే,” అన్నాడు బాబా.